పెరట్లో ఆఫీసు గది వేస్తే ఇంటికి రేటు పెరుగుతుందా?

బెంగళూరులో ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లకు ఈమధ్య తరచూ వినిపించే సలహా ఒకటుంది. "వెనక ఖాళీ ఉందిగా సార్, చిన్న ఆఫీసు గది వేయించెయ్యండి, కొనేవాళ్లు ఎగబడతారు" అని. ఆ మాట చెప్పేది బ్రోకరు కావచ్చు, రెడీమేడ్ క్యాబిన్లు చేసే కాంట్రాక్టరు కావచ్చు, వైట్‌ఫీల్డ్‌లో ఐటీ ఉద్యోగం చేసే బావమరిది కావచ్చు. అందులో నిజం లేకపోలేదు. 2020 మార్చి లాక్‌డౌన్‌తో డైనింగ్ టేబులే ఆఫీసైపోయిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో. ఇప్పుడు వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నా, మిగతా రోజులు ల్యాప్‌టాప్ తెరుచుకునేది ఇంట్లోనే. మిక్సీ మోత వినపడకుండా, వెనకాల పిల్లాడు కనపడకుండా మీటింగ్‌లో కూర్చునే చోటు ఎవరికైనా కావాలి.

అయినా ఆ గది వల్ల ఇంటి రేటు పెరుగుతుందా అంటే, చాలా ఇళ్లకు పెరగదు. ఇల్లు తొందరగా అమ్ముడుపోవడానికి మాత్రం పనికొస్తుంది. అది కూడా ప్లానులో, కాగితాల్లో ఇమిడితేనే. ఇమడకపోతే లక్షలు పోసి కట్టిన ఆ గదే బేరం చెడగొడుతుంది.

అసలీ ఆలోచన పుట్టింది ఇక్కడ కాదు. ఇంగ్లండ్‌లో ఇంటి వెనక తోట చివర చెక్కగది వేసుకుని అందులో ఆఫీసు పెట్టుకోవడం మామూలే. అక్కడి నిబంధనలే అందుకు దారిచ్చాయి. ఒకే అంతస్తు ఉండాలి, సరిహద్దుకు 2 మీటర్ల లోపు వేస్తే ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు, అసలు ఇంటి చుట్టూ ఉన్న స్థలంలో సగానికి మించి కట్టడాలు ఉండకూడదు. ఇలాంటి షరతులకు లోబడితే చాలా ఇళ్లకు విడిగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. తోట ఉంది, చట్టం ఒప్పుకుంది, గది కలిసొచ్చింది.

బెంగళూరులో మధ్యతరగతి సొంతిల్లంటే ముప్పై నలభై సైటు. అంటే ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, మొత్తం 1,200 చదరపు అడుగులు. అందులో ఇల్లు, కారు, సంపు, మెట్లు పోగా వెనక మిగిలేది ఒక సందు. ఆ సందులో వాషింగ్ మెషీను, బట్టలారేసే తీగ, కోడలు తెచ్చిపెట్టిన కరివేపాకు మొక్క. తోట అన్న మాట వర్తించేది డాబా మీది కుండీలకే. కాబట్టి "తోటలో ఆఫీసు" నిజంగా కుదిరేది నలభై అరవై సైట్లలో, అంతకన్నా పెద్దవాటిలో, పాత పేటల్లోని ఇళ్లలో, సర్జాపుర, దేవనహళ్లి వైపు విల్లాల్లో. మిగతావాళ్లు ఈ పేరుతో కట్టేది దాదాపు ఎప్పుడూ సెట్‌బ్యాక్‌లోనే, అంటే ఖాళీగా వదలాలని ప్లానులో రాసిచ్చిన జాగాలోనే.

ఇక్కడ ధర దేనికి పలుకుతుందో ఒకసారి లెక్క వేసుకోవాలి. చదరపు అడుగు పదివేలు పలికే పేటలో ఒక ముప్పై నలభై సైటు ఉందనుకుందాం. నేల ఖరీదే కోటీ ఇరవై లక్షలు. పదిహేనేళ్ల నాటి ఇల్లైతే కొనేవాడు కట్టడానికి పెద్దగా విలువ కట్టడు. పడగొట్టి మూడంతస్తులు లేపి అద్దెలకిచ్చే ఆలోచనతో వచ్చినవాడైతే అసలు లోపలికే రాడు. గేటు దగ్గర నిలబడి రోడ్డు వెడల్పు, సైటు ముఖం ఎటో చూసి రేటు అడుగుతాడు. అతనికి పెరటి గది కూల్చడానికి ఇంకో రోజు కూలి దండగ, అంతే. ఆ గది మీద మనసుపడేది అందులో తానే కాపురం ఉండటానికి కొనేవాడు. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, ఈ ఇంటికి వచ్చేది ఏ రకం కొనుగోలుదారన్నది. పాతిక ముప్పై ఏళ్ల ఇల్లు, పక్కనంతా పీజీలు, అద్దె పోర్షన్లు లేస్తున్న వీధి అయితే గది గురించి ఆలోచించడమే అనవసరం.

కాపురం ఉండటానికి కొనేవాడు మాత్రం సాధారణంగా బ్యాంకు లోనుతో వస్తాడు. ఇక్కడే అసలు చిక్కు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల వరకు అయితే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ విలువ కట్టేది బ్యాంకు పంపే ఇంజినీరు. అతను టేపు పట్టుకుని వచ్చి, మంజూరైన ప్లాను పక్కన పెట్టుకుని కొలుస్తాడు. ప్లానులో లేని గదికి అతని రిపోర్టులో విలువ దక్కడం కష్టం.

దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో తేలిపోతుంది. గది ఉందని అమ్మేవాడు ఎనిమిది లక్షలు ఎక్కువ అడిగాడనుకుందాం. ఆ గది ప్లానులో ఉంటే, 75 శాతం లెక్కన ఆరు లక్షలు బ్యాంకు భరిస్తుంది, కొనేవాడు చేతి నుంచి పెట్టేది రెండు లక్షలు. ప్లానులో లేకపోతే మొత్తం ఎనిమిది లక్షలూ అతని జేబులోంచే రావాలి. అప్పటికే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను, ఇంటీరియరు ఖర్చుల టెన్షన్‌లో ఉన్న మనిషి. ఎనిమిది లక్షలకు ఆ గదిని కొనడు, గదిని చూపించి ఇంకో రెండు లక్షలు తగ్గించమంటాడు. పైకి "గది బాగుంది సార్" అనే అంటాడు.

ప్లానుకు మించి కట్టినవాళ్లంతా ఒకప్పుడు "అక్రమ సక్రమ" వస్తే సరి అయిపోతుందని ధీమాగా ఉండేవాళ్లు. కొంత అపరాధ రుసుము తీసుకుని ఇలాంటి కట్టడాలను క్రమబద్ధం చేసే ఆ పథకానికి 2017 జనవరిలో సుప్రీంకోర్టులో బ్రేకు పడింది. ఆ తర్వాత 2024 డిసెంబరులో అదే కోర్టు, కట్టడం పూర్తయినట్టు, నివాసానికి యోగ్యమన్నట్టు సర్టిఫికెట్లు చూసుకున్నాకే బ్యాంకులు భవనాల మీద అప్పులివ్వాలని చెప్పింది. దాని వేడి బెంగళూరులో కరెంటు కనెక్షన్ల దాకా తగిలింది, ఆ సర్టిఫికెట్లు లేని భవనాలకు కొత్త కనెక్షన్లు అప్పట్లో ఆగాయి. ఆస్తి ఎవరిది, ఎంత అన్నది నగరపాలక సంస్థ రాసుకునే రికార్డును ఇక్కడ ఖాతా అంటారు. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్లకు దాని ఆన్‌లైన్ రూపమైన ఇ-ఖాతా అడుగుతున్నారు. 2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఆఫీసులు మారాయి, బోర్డులు మారాయి, కానీ కొనేవాడి లాయరు అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు, ఇంకాస్త పెరిగాయి. ప్లానులో ఎంత, ఖాతాలో ఎంత, పన్ను కడుతున్నది ఎంతకు, నేల మీద ఎంత. ఈ నాలుగూ ఒకదానికొకటి సరిపోవాలి. పెరటి గది వల్ల నాలుగోది పెరిగి మిగతా మూడూ పాత అంకెల దగ్గరే ఉండిపోతే, పేచీ మొదలైనట్టే.

"ఇది టెంపరరీ సార్, కింద పునాది లేదు, పర్మిషన్ అక్కర్లేదు" అని క్యాబిన్లు అమ్మేవాళ్లు భరోసా ఇస్తారు. క్యాబిన్ అమ్మేవాడికి అది సులువైన మాట. ఇల్లు కొనేవాడి లాయరు దాన్ని ఒప్పుకుంటాడా అన్నదే ముఖ్యం. సైటు కొలత, రోడ్డు వెడల్పు, ఇప్పటికే కట్టిన విస్తీర్ణం చూసి, ఇంకా కట్టుకునే వీలు మిగిలిందో లేదో లైసెన్సున్న ఇంజినీరు ఒక్క పూటలో చెప్పేస్తాడు. మిగిలి ఉంటే సవరించిన ప్లానుకు మంజూరు తీసుకుని కట్టడం మేలు. మిగలకపోతే ఆ ఆలోచన అక్కడితో వదిలెయ్యడం ఇంకా మేలు.

ఈ చిక్కులేవీ లేకుండా లాభపడే ఇళ్లు కొన్ని ఉన్నాయి. 1898 ప్లేగు తర్వాత ఊరికి గాలి వెలుతురు కోసం వేసిన మల్లేశ్వరం, బసవనగుడి, 1948లో పునాది పడిన జయనగర్, ఇలాంటి పేటల్లో పాత ఇళ్లకు వెనక ఔట్‌హౌస్ ఉండేది. పనివాళ్లకో, చదువుకోవడానికి ఊరి నుంచి వచ్చిన మేనల్లుడికో ఇచ్చిన గది. ఇప్పుడు చాలావాటిలో పాత పేపర్లు, విరిగిన ఉయ్యాల బల్ల, దీపావళికి కొన్న సీరియల్ లైట్ల డబ్బాలు ఉంటాయి. అది ప్లానులో ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. కొత్త గోడ ఒక్కటి కట్టకుండా పైకప్పుకు వాటర్ ప్రూఫింగ్ చేయించి, ఒక గోడలో కిటికీ పెద్దది చేసి, కొత్త వైరింగ్ వేయిస్తే, కొత్త గదికయ్యే ఖర్చులో కొంత భాగంతోనే, కాగితాలతో సహా దొరికిన ఆఫీసు గది అవుతుంది. వాడకంలో లేని గ్యారేజీకీ, ప్లానులో ఉన్న డాబా మీది గదికీ ఇదే మాట. ఇల్లు అమ్మబోయేవాళ్లు కొత్తది కట్టే ముందు ఉన్నవాటి తలుపులు ఒకసారి తెరిచి చూడాలి.

కొత్తగా వేయదలిస్తే చోటు ఎంచుకోవడంలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మొదటిది బోరు. పెరట్లో బోరుబావి ఒక మూల మూసిన పైపుగా కనిపిస్తుంది కాబట్టి, దాని పక్కనే, ఒక్కోసారి దాని మీదుగానే చూరు వచ్చేలా గది వేసేస్తారు. మోటారు పాడైనప్పుడు గానీ సంగతి తెలియదు. లోతున ఉన్న మోటారును పైకి తీయాలంటే ఇరవై అడుగుల పైపులు ఒక్కొక్కటిగా నిలువునా లాగి, విప్పి, పక్కన పెట్టాలి. నెత్తిన కప్పు ఉంటే పైపు లేవదు. కప్పు కోయాలి, లేదా బోరు వదులుకోవాలి. 2024 వేసవిలో నీళ్ల ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసిన ఊరిది. బోరు మీద గది వేసిన ఇంటిని చూసి ఎవరైనా వెనకడుగు వేస్తారు. సంపు మూత, డ్రైనేజీ ఛాంబరు, ఇంకుడు గుంత విషయంలోనూ అంతే, మూత తెరిచే వీలు పోకూడదు.

రెండోది వాస్తు. నమ్మకం ఉన్నా లేకపోయినా, అమ్మేటప్పుడు లెక్కలోకి తీసుకోక తప్పదు. తెలుగు కుటుంబాలు ఇల్లు చూడటానికి వస్తే, ఎవరో ఒకరు ఫోనులో దిక్సూచి తెరిచి పెరటి మూలలు చూస్తారు. ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలి, నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి అన్నది అందరికీ తెలిసిన సూత్రం. తూర్పు ముఖం, ఉత్తర ముఖం ఇళ్లకు నైరుతి మూల వెనకవైపే పడుతుంది కాబట్టి పెరటి గదికి చోటు దొరుకుతుంది. పడమర, దక్షిణ ముఖం ఇళ్లకు పెరట్లో పడేది ఈశాన్యం. అక్కడ మూలకు గది వేస్తే ఎంత అందంగా ఉన్నా అత్తగారు ఒప్పుకోరు, బేరం అక్కడితో ఆఖరు. అసలే దక్షిణ ముఖం ఇంటికి బేరాలు తక్కువని బ్రోకర్లు అంటుంటారు, దానికి ఇదొకటి తోడు.

ఇక గది విషయం. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఏసీ లేకుండా గడిచిపోతుందని చాలామంది లెక్క. సిమెంటు రేకులో, ఇనుప రేకులో వేసిన గదిలో ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే ఆ లెక్క తప్పని తెలుస్తుంది. జూన్ నుంచి ఇంకో బాధ. రేకు మీద వాన పడుతుంటే మీటింగ్‌లో అవతలివాళ్లకు వినిపించేది వానే. ఈ ఊళ్లో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరు దాకా ఉంటాయి. పైకప్పు స్లాబైతే దానికి ఈ బాధ లేదు. క్యాబిన్ అయితే రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెళ్లు వేడినీ మోతనూ చాలావరకు ఆపుతాయి. పడమటి గోడకు కిటికీ పెట్టకుండా, ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెడితే రోజంతా ఎండ కళ్లలో పడకుండా వెలుతురు ఉంటుంది. బేస్‌మెంటు చుట్టూ ఉన్న నేలకన్నా ఒక అడుగైనా ఎత్తుండాలి. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు విల్లాల్లో పడవల మీద జనాన్ని దాటించిన దృశ్యాలు టీవీలో చూసినవాళ్లు, మొదట అడిగేది "వాన పడితే నీళ్లు నిలుస్తాయా" అనే.

కొనేవాళ్లు ఆ గదిలో గడిపేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఏం జరుగుతుందో గమనిస్తే ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. తలుపు తీయగానే ముక్కుకు చెమ్మ వాసన తగులుతుందా లేదా అన్నది మొదటిది. వర్షాకాలంలో నెలరోజులు మూసి ఉంచిన గది అయితే తప్పకుండా తగులుతుంది. తర్వాత భర్త ఫోను తీసి సిగ్నల్ చూస్తాడు, వైఫై ఇక్కడిదాకా వస్తుందా అని అడుగుతాడు. ఇంటి గోడలు రెండు మూడు దాటాక వైఫై నీరసపడుతుంది, కాబట్టి పైపులో వేసి లాగిన ఇంటర్నెట్ కేబులు, గోడకు దాని పాయింటు కనిపిస్తే ఆ ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. కరెంటు పోతే ఇన్వర్టరు లైను ఇక్కడికి ఉందా? కిటికీలకు దోమల మెష్ ఉందా? సాయంత్రం ఆరింటికి పెరట్లో కూర్చున్నవాళ్లకు ఈ ప్రశ్న విలువ తెలుసు. ఈలోగా భార్య కిటికీలోంచి బయటికి చూస్తుంది. అక్కడ కనిపించేది పక్కింటివాళ్ల బాత్రూం పైపులైతే గది చిన్నదైపోతుంది, ఒక జామచెట్టు అయితే పెద్దదైపోతుంది. తలపైన కొబ్బరిచెట్టు ఉంటే మాత్రం రేకు మీద కాయ పడిన గుర్తులు లేకుండా చూసుకోవాలి.

చెట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. గది కోసం చెట్లు కొట్టేసి, ఉన్న పచ్చదనమంతా సిమెంటు చేసి, దానికి తోట ఆఫీసు అని పేరు పెట్టినవాళ్లున్నారు. చెట్టు సొంత స్థలంలోనే ఉన్నా, కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 ప్రకారం చాలా జాతుల చెట్లు కొట్టడానికి వృక్ష అధికారి అనుమతి కావాలి. అది అటుంచినా, పెరట్లో పెరిగిన మామిడిచెట్టు నీడ పది పన్నెండు అడుగుల గదికన్నా ఎక్కువమందిని ఆకట్టుకుంటుంది. రెండింట్లో ఒకటే కుదిరే పెరడైతే చెట్టునే ఉంచుకోవాలి.

గదికి ఆఫీసు అని పేరు పెట్టడం కూడా అమ్మేవాడికి అంత లాభం కాదు. కొనేవాడి కంపెనీ రేపు ఐదు రోజులూ రమ్మంటే ఆ గది ఎందుకు? అదే గదిని ఖాళీగా, ఒక బల్లా కుర్చీతో చూపిస్తే చూసినవాళ్లు తమ అవసరాన్ని అందులో పెట్టుకుంటారు. ఒకరికి సంగీతం క్లాసు, ఒకరికి పదో తరగతి పిల్ల చదువు గది, ఇంకొకరికి రాజమండ్రి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే నాన్నగారి పడకగది. ఈ చివరి అవసరానికి టాయిలెట్ ఉండాలి. టాయిలెట్ ఉన్న గదీ లేని గదీ కొనేవాడి దృష్టిలో పూర్తిగా వేరు. కానీ పెరటి మూల నుంచి వీధి డ్రైనేజీ దాకా పైపుకు వాటం దొరకాలి. వాటం లేకుండా వేసిన పెరటి టాయిలెట్ మొదటి వానకే బయటపడుతుంది, అలాంటిది లేకపోవడమే నయం. ఆ గదిలో నలుగురు ఉద్యోగులను కూర్చోబెట్టి నిజంగానే ఆఫీసు నడిపితే, ఆస్తి పన్నూ కరెంటు బిల్లూ నివాసం రేటు నుంచి మారే అవకాశం ఉంది. అమ్మబోయే ఇంటికి ఆ తలనొప్పి తగిలించుకోకూడదు.

గేటెడ్ విల్లాల్లో పెరడు సొంతమే అయినా పైకి కనిపించే మార్పు దేనికైనా అసోసియేషన్ ఒప్పుకోవాలి. అపార్టుమెంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటుకు ఇచ్చిన తోట ముక్క చాలాచోట్ల వాడుకునే హక్కే తప్ప సొంతం కాదు, అక్కడ కట్టడం మాట ఎత్తకపోవడమే మంచిది.

ఒక విషయంలో మాత్రం సక్రమంగా కట్టిన గది అమ్మేవాడికి నేరుగా డబ్బు మిగులుస్తుంది. ఇల్లు అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కలో, ఇంటికి చేసిన అదనపు కట్టడం ఖర్చును కొన్న ధరకు కలుపుకోవచ్చు. 2024 జులై 23 నుంచి అమ్మిన ఇళ్లకు దీర్ఘకాలిక లాభం మీద పన్ను ఇండెక్సేషన్ లేకుండా, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించకుండా, 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లైతే, దేశంలో నివసించే వ్యక్తులు ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 12.5 శాతం లెక్కన చూస్తే, ఐదు లక్షల ఖర్చుకు సరైన బిల్లులుంటే పన్నులో 62,500 రూపాయలు మిగులుతాయి. మేస్త్రీకి చేతికిచ్చి, చిత్తు కాగితం మీద లెక్క రాసుకుంటే ఆ మొత్తం పోయినట్టే. లారీలో ఎక్కించుకుపోగల క్యాబిన్ ఈ లెక్కలోకి వస్తుందో లేదో ఆడిటరును ముందే అడగాలి.

పనికి ఏ నెల మంచిదంటే, ఆషాఢం. బేరాలు ఎలాగూ నెమ్మదిగా ఉంటాయి. శ్రావణంలో కొనేవాళ్లు కదిలేసరికి రంగులు ఆరి, వానకు పెరడు పచ్చబడి ఉంటుంది.

బేరం కుదిరాక అగ్రిమెంటులో ఒక పేరా ఈ గదికి కేటాయించాలి. క్యాబిన్ ఇంటితోపాటు వెళ్తుందా, అమ్మినవాళ్లు తీసుకెళ్తారా? ఏసీ, ఇన్వర్టరు బ్యాటరీ, గోడకు బిగించిన బల్ల, కిటికీ బ్లైండ్లు ఎవరివి? గది తీసేస్తే కింద సిమెంటు దిమ్మె పగలగొట్టి మట్టి నింపే ఖర్చు ఎవరిది? గృహప్రవేశానికి రెండు రోజుల ముందు తాళం తీసి, నాలుగు బోల్టు రంధ్రాలున్న ఖాళీ దిమ్మెను చూసి నిర్ఘాంతపోయే పరిస్థితి కొనేవాళ్లకు రాకుండా ఉండాలంటే, అడ్వాన్సు చెక్కు చేతులు మారకముందే అవన్నీ రాసుకోవాలి.